గోడెక్కిన అయిర చేప

చేపను నీళ్ళలో పెట్టడం సృష్టికర్త చేసిన పొరపాటు! దాన్ని అక్కడినుంచి తీసి, అద్దంలో బిగించి, గోడకు తగిలించి ఆ పొరపాటు దిద్దినవారు మా గుడియాత్తం చిన్నరాజు మొదలాళి గారు.

కోప్పడకండి. పత్రిక మడిచి విసనకర్ర చేసుకోకండి. నేను చెప్పేది పూర్తిగా విని, ఆ తరువాత మీ ఇష్టం వచ్చినట్టు విసురుకోండి.

నీళ్ళలో ఉన్న చేప వల్ల మనిషికి ఏమి సుఖం? పట్టుకోబోతే జారిపోతుంది. పట్టుకుంటే చేయి వాసన. వండితే వీధంతా వాసన. తింటే గొంతులో ముల్లు. పొద్దున పట్టింది సాయంత్రానికి పాడవుతుంది. ఇంటికి అయినవాళ్ళు వస్తే ఎవరికి తల, ఎవరికి నడిమి ముక్క అని తగాదా. మరి గోడ మీది చేప? ముల్లు లేదు, తగాదా లేదు, పాడవడం అసలే లేదు. దొరలు అచ్చువేసి ఎన్ని ఏళ్ళయిందో, ఈ పూట కూడా నిగనిగలాడుతూ ఉంది!

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. నా పేరు శివప్రకాశం. గుడియాత్తం నేత వీధిలో నాకు నూలు కొట్టు ఉంది. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన ఇల్లు నాదొక్కటే. అందుచేత నా వ్యాసాలు నేనే మా అరుగు మీద కూర్చుని శుక్రవారం సాయంత్రం అందరికీ చదివి వినిపిస్తాను. రాసేదీ నేనే, చదివేదీ నేనే, ఎక్కడ నవ్వాలో సైగ చేసేదీ నేనే. ఇంత సౌకర్యం మద్రాసు పత్రికాధిపతులకు కూడా లేదు. చిన్నరాజు మొదలాళి గారు కూడా వచ్చి వింటారు. ఆయనకూ తెలుగు అక్షరాలు రావు గానీ, తన పేరు వినబడిన చోట తల భలే ఊపుతారు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పి ఉంచుతాను. పోయిన నెల మా మనవడు, పుట్టి పట్టుమని పక్షం కాలేదు, తల్లి పాలు చాలక గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపంతా గోడ మీది ఈ చేప కోసమే అంటే నమ్ముతారా? ఆ సంగతికి వస్తాను. ముందు పటాల కథ వినండి.

వేలూరులో పూర్వం ఒక డాక్టరు దొర ఉండేవాడట. ఆయనకు రోగుల కంటె చేపల మీద మక్కువ ఎక్కువ. పెద్ద చేపలు కూడా కాదు. మన వాగుల్లో వంకల్లో వేలెడంత, బెత్తెడంత ఉండే అల్లాటప్పా చేపలన్నిటినీ పట్టించి, పింగాణీ పళ్ళెంలో పడుకోబెట్టి, రంగుల బొమ్మలు వేయించి, సీమలో అచ్చువేయించాడు. దొర సీమకు పోయాడు, అక్కడే మట్టిలో కలిశాడు. ఆయన బంగళా అటక మీద బొమ్మల పెట్టె ఒకటి మిగిలింది. ఈ మధ్య ఆ బంగళా సామాను వేలం వేస్తే కుర్చీలూ బీరువాలూ ఎవరెవరో పాడుకున్నారు. పెట్టె మొదలాళి గారి పాలయింది.

అబద్ధమెందుకు, బొమ్మలు చాలా అందమైనవి. ప్రతి పొలుసుకూ వెండి పూత. కంటి చుట్టూ సన్నని పసుపు గీత. అయిర చేప మూతి కింద మీసాలు కూడా లెక్క తప్పకుండా వేశాడు మహానుభావుడు. కాగితం పాతబడి గంజి రంగుకు తిరిగింది. కింద ఎవరికీ నోరు తిరగని లాటిన్ పేరు. అయిరకు అంత పెద్ద పేరుందని అయిరకే తెలిసి ఉండదు!

ఇక మొదలాళి గారి సంగతి. మొదలాళి అంటే మా పక్క షాపు యజమాని. ఆయనది ఏటికి ఎగువన తోళ్ళు పదును చేసే షాపు. జర్మనీ యుద్ధం పుణ్యమా అని సర్కారు సిపాయిలకు బూట్లు కావాలి. బూట్లకు తోలు కావాలి. తోలుకు సున్నపు గుంటలు కావాలి, తంగేడు చెక్క కావాలి. వాటికి నీళ్ళు కావాలి. వాడేసిన నీళ్ళకు పోవడానికి దారి కావాలి. ఆ దారి మా ఏరు.

పోయిన వేసంగిలో ఏరు కాస్త రంగు తిరిగింది. కాస్త వాసన కూడా వేసింది. చిన్న చేపలు వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి. మా నేతవాళ్ళకు ఆ చేపలతో పాత చుట్టరికం. పడుగుకు గంజి పెట్టిన కుంచెలను ఏట్లో కడుగుతాం. ఆ గంజి మెతుకుల కోసం అయిరలు గుంపులుగా వచ్చి కాళ్ళ చుట్టూ మూగుతాయి. మా ఆడపిల్లలు కుంచె కడగడానికి దిగి, పాదాలు చక్కిలిగింతలు పుడితే కిలకిలా నవ్వి, పని మరిచిపోయి తిట్లు తినేవాళ్ళు. మా కూతురు అమరావతి అట్లా తిన్న తిట్లకు అంతు లేదు.

అందుచేత వీధి పెద్దలమంతా కలిసి మొదలాళి గారికి మొర పెట్టుకోవడానికి వెళ్ళాం. మా పక్కింటి అంకప్ప మగ్గం దిగి నేరుగా వచ్చాడు. మాట్లాడిందీ అతనే.

"మొదలాళీ, ఏట్లో చేపలు చచ్చిపోతా ఉండాయి. కుంచె కడగను దిగితే కాళ్ళు మండతా ఉండాయి. ఏదో ఒక దారి చూడండప్పా."

మొదలాళి గారు కళ్ళు మూసుకుని విన్నారు. అందరికీ కాఫీ ఇప్పించారు. తరువాత ఎంతో మెత్తగా అన్నారు.

"చేపలు పోతా ఉండాయని మీకు బాధ. అంతే గదా? నాకు మాత్రం లేదా ఆ బాధ? ఇట్లా రండి."

లోపలి గదిలో గోడకు ఆనించి పటాలు! అద్దాలు బిగించి, టేకు చట్రాలు కట్టి, దారాలు కూడా కట్టి సిద్ధంగా ఉన్నాయి. మేము మొర పెట్టుకోవడానికి వస్తామని మా కంటె ముందే ఆయనకు తెలుసు. చట్రాల పని బయట ఇవ్వకుండా షాపులోనే చేయించారట. ఏ చిన్న వస్తువునూ వృథా పోనివ్వని మనిషి.

"ఈ చేపలు యాడికీ పోవు," అన్నారు మొదలాళి గారు.

ఒట్టి చేతులతో వెళ్ళిన వాళ్ళం చంకలో తలా ఒక చేపతో తిరిగి వచ్చాం. అంకప్పకు కెండ వచ్చింది. నేను పత్రికలకు రాసేవాణ్ణి కనుక నాకు అన్నిటికంటె పెద్ద పటం, మీసాల అయిర!

అయ్యా, అప్పటినుంచి చూడండి మా జిల్లా వైభవం! కెండ లేని హాలు లేదు, పరిగ లేని పడసాల లేదు. సత్తువాచారిలో ఒక గుమాస్తా గారు నిద్ర లేవగానే కొరమేను మొహం చూస్తే గాని పక్క దిగరట. మంగలి అంగట్లో గడ్డం గీయించుకునే వాళ్ళకు ఎదురుగా ఒక జెల్ల చేప, దాని మీసం చూసి మీసం దిద్దమని అడుగుతున్నారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల వంట సంగతి వదిలేసి, మీ ఇంట్లో చేప ఎంత పొడుగని అడుగుతున్నారు. చేప పేరు చెవిన పడితే స్నానం చేసే ఇళ్ళలో కూడా ఉయ్యాల బల్లకు ఎదురుగా చేప! జాతి మత భేదాలు పోవాలని సభలు పెట్టి గొంతు చించుకునేవాళ్ళు ఎందుకు మా ఊరు వచ్చి చూడరు?

చిత్రకళ గొప్పతనం చూడాలంటే మా ఇంటికి రండి. అంకప్ప పిల్లి ఒకటి ఉంది. ఆ పటం తగిలించిన రోజు నుంచి దానికి మా ఇల్లే ఇల్లు. పటం కింద కూర్చుని తల ఎత్తి, రెప్ప వేయకుండా చూస్తుంది. అప్పుడప్పుడు గోడ మీదికి ఎగురుతుంది. దొర వేయించిన బొమ్మ ఎంత సజీవంగా లేకపోతే పిల్లి మోసపోతుంది? అంతేనా? వానలు పట్టినప్పుడు పటం దగ్గర నిలబడితే సన్నగా ఒక వాసన కూడా వేసేది! చూడవచ్చిన వాళ్ళు ముక్కు ఎగబీల్చి, "ఆమా, ఆమా, అచ్చం చేపే" అని ఆశ్చర్యపోయేవాళ్ళు. రంగుతో వాసన కూడా రప్పించిన చిత్రకారుడు సీమలో తప్ప పుడతాడా అని నేనే పది మందికి చెప్పాను.

ఇక అన్నిటికంటె గొప్ప మేలు మా అమ్మ వల్ల జరిగింది.

మా అమ్మ పేరు కృష్ణమ్మ. మా పక్క ఒక కట్టుబాటు ఉంది. గోడకెక్కి, అద్దం వెనక కూర్చుని, చుట్టూ కొయ్య చట్రం ఉంటే అది దేవుడు. అంతకు మించి ఎవరూ విచారణ చేయరు. శుక్రవారం తెల్లవారి మా అమ్మ పటాలన్నీ తడిగుడ్డతో తుడిచి, వరుసగా బొట్లు పెడుతూ వచ్చింది. పిళ్ళయార్‌కు పెట్టింది. మురుగన్‌కు పెట్టింది. లక్ష్మికి పెట్టింది. అదే ఊపులో అయిరకు కూడా పెట్టింది!

"అమ్మా, అది చేప!" అన్నాను నేను.

"చేప గాకుండా సామి మొదట ఏ రూపాన వచ్చినాడనుకుంటివిరా?" అంది మా అమ్మ. "కింద మంతరం గూడా రాసుండాది. చదువుకున్నోడివి, నీకు కనపళ్ళేదా?"

లాటిన్ మంత్రమయింది! బొట్టు పడ్డ తరువాత ఇక దేవుడు కాదనడానికి ఎవరికి ధైర్యం? మా అమ్మ చూసి అంకప్ప పెండ్లాం కెండకు పెట్టింది. ఆమెను చూసి వీధి వీధంతా పెట్టింది. సామి కళ్ళ ముందర సామిని ఎట్లా వండుతామని చేప వండడం అందరూ మానేశారు. మామూలుగా అరవవాళ్ళ పెరటాసి నెలలో వ్రతమని మానేది, ఇప్పుడు ఏడాది పొడుగునా పెరటాసే!

ఇందులోని మేలు మీకు తట్టిందా? చేపలు కరువయ్యాయన్న మాటే వీధిలో వినబడకుండా పోయింది! వండనివాళ్ళకు కరువెట్లా తెలుస్తుంది? మొర పెట్టుకున్నవాళ్ళమే మొర మరిచిపోయాం. ఏట్లో వల వేసే వేలు అనే జాలరి మాత్రం కొన్నాళ్ళు దిగులుపడ్డాడు. ఇప్పుడు అతను కూడా మొదలాళి గారి సున్నపు గుంటల్లో దిగి తోళ్ళు తిరగేస్తున్నాడు. అప్పుడూ మోకాలి లోతు నీళ్ళే, ఇప్పుడూ మోకాలి లోతు నీళ్ళే. పని మారిందని ఎవరైనా అనగలరా? కాళ్ళు పుళ్ళుపడ్డాయి, అది వేరే సంగతి.

శుక్రవారం మొదలాళి గారికి ఇక్కడి వరకే చదువుతాను. ఇక్కడ దగ్గు వచ్చినట్టు నటించి కాగితాలు మడిచేస్తాను. ఎక్కడో దూరాన కూర్చుని పత్రిక చదివే మీకు ఆ ఇబ్బంది లేదు కనుక ముందుకు సాగండి.

మా అమరావతిని కనియంబాడిలో ఇచ్చాం. తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. మగబిడ్డ. అంతా సుఖంగా జరిగింది, పాలు తప్ప. బిడ్డ నోరు పెడతాడు, లాగుతాడు, వదిలేసి గుక్కపడతాడు. అమరావతి వాడిని ఒళ్ళో వేసుకుని తనూ ఏడుస్తుంది. నా భార్య పొన్నమ్మ చేయని పథ్యం లేదు, పెట్టని వెల్లుల్లి లేదు. బిడ్డ మొహం రోజురోజుకూ చిన్నదయిపోతూ ఉంటే నాకు అన్నం సహించలేదు.

మా అమ్మ లోపలికి వచ్చి ఒక్కటే మాట అంది. "అయిర పులుసు పెట్టండి. నాకు మా అత్త పెట్టింది. పొన్నమ్మకు నేను పెట్టినా. పాలు దాని అబ్బ సొత్తా, రాక యాడికి పోతాయి?"

"మరి సామి?" అన్నాను పటం వైపు చూస్తూ.

"బొట్టు పెట్టింది నేను. సర్ది చెప్పుకునేది నేను. నువ్వు పొయ్యి చేప తే!"

గంప పట్టుకుని ఏటికి వెళ్ళాను. అంకప్ప కూడా వచ్చాడు. ఎండలో ఏరు నురగలు కక్కుతూ, కషాయం రంగులో పోతూ ఉంది. అంకప్ప గంప ముంచి తీశాడు. గంపలోకి వచ్చింది ఒక తంగేడు పేడు, తోళ్ళ మీద గీకిన గుప్పెడు వెంట్రుకలు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ముంచాడు. ఈసారి తంగేడు పేడు కూడా రాలేదు.

సరే, వేలూరు బజారుకు పోదామని బయలుదేరాను. అమ్మేవాళ్ళకు ఏ చేప కావాలో స్పష్టంగా చూపించాలి కదా అని పటం తీసి చంకలో పెట్టుకున్నాను. ఇక్కడ కూడా పటం మహిమ చూడండి! రైల్లో నిలబడడానికి చోటు లేదు. అద్దం మీద బొట్టు చూసి ఒక పెద్దాయన లేచి సామికి చోటిచ్చాడు. అయిర కూర్చుంది, నేను నిలబడ్డాను.

బజారులో ఎటు చూసినా సముద్రం నుంచి వచ్చిన ఎండు చేపలే. ఆరోకియమేరి అని ఒక చేపలామె, మన తెలుగుమనిషే, పటం చేతిలోకి తీసుకుని చూసి నవ్వింది.

"దీన్నా అడగతా ఉండావు నాయనా? ఇది మా ఇంట్లో గూడా ఉండాది."

నా ప్రాణం లేచి వచ్చింది. "ఉందా? ఇయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది!"

"యాడ ఇచ్చేది? గోడమీద ఉండాది, మాతా పటం పక్కన. మీ ఊరి మొదలాళే ఇచ్చినాడు. మా ఇంటాయన ఆయన షాపుకు తంగేడు చెక్క తోలతాడు గదా." నవ్వు ఆపి నా మొహం చూసింది. "ఎవరికి నాయనా? బాలింతకా?"

తల ఊపాను.

"ఐయో పాపం. ఈ పక్క ఏటి అయిర చూసి ఎన్ని దినాలైందో. చెరువు నీళ్ళుండే ఊళ్ళో ఎవరన్నా ఉంటే చెప్పంపు. ఏటిని నమ్ముకోవాకు."

అమరావతి అత్తవారి ఊళ్ళో చెరువుంది. కనియంబాడి పోయే బండివాడితో కబురంపాను. మగబిడ్డను కన్న కూతురికి పులుసు పెట్టలేక వియ్యపురాలిని అడుక్కోవలసి వచ్చినందుకు పొన్నమ్మ తల ఎత్తలేకపోయింది. వియ్యపురాలు రాజాంబాళ్ మరునాడే దిగింది. చేతిలో కుండ, కుండకు తడిగుడ్డ. గుడ్డ తీస్తే అయిరలు! గోధుమ రంగు ఒళ్ళు, మచ్చలు, మీసాలు, అచ్చం పటంలో ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కటే తేడా, ఇవి కదులుతున్నాయి.

"మీ ఊళ్ళో చేపలు గోడలమీద ఈదతా ఉండాయంట గదా వదినా," అంది రాజాంబాళ్ పొన్నమ్మతో. "వాటిని గిల్లి పులుసు పెట్టకపోతిరా?"

ఆ మాట పడి కూడా పొన్నమ్మ నవ్వుతూ కుండ అందుకుంది. బిడ్డ కడుపు నిండాలంటే తల్లి ఎన్ని మాటలైనా పడుతుంది.

మా ఇంట్లో నీచు వండే రోజు సామి పటాలను గోడవైపుకు తిప్పుతాం. పిళ్ళయార్‌ను తిప్పాను. మురుగన్‌ను తిప్పాను. లక్ష్మిని తిప్పాను. అయిర దగ్గరకు వచ్చి ఆగాను. చేప వండుతుంటే చేపసామిని తిప్పాలా, అక్కరలేదా? శాస్త్రం ఏమంటుంది?

"ఆయన్నే మొదట తిప్పాల్సింది!" అని గద్దించింది మా అమ్మ. "తన పిల్లల్ని కోస్తా ఉంటే సామి చూస్తా కూర్చోవాలనా?"

పటం తీసి తిప్పి తగిలించాను. తగిలించి వెనక్కి జరిగాను. అందరం అట్లాగే నిలబడిపోయాం.

మిగతా సాముల వీపున అట్ట ఉంది, పలుచని చెక్క ఉంది. అయిరసామి వీపున తోలు ఉంది! చంకలో పెట్టుకుని వేలూరు దాకా మోసినా, చేప మొహం చూడడమే గాని దాని వీపు చూసింది లేదు నేను. తంగేడు పెట్టి చక్కగా పదును చేసిన తోలు, చట్రం కొలతకు కత్తిరించి, మేకులు కొట్టి, మూలన మొదలాళి గారి షాపు ముద్ర కూడా ఉంది. ఏ చిన్న వస్తువునూ వృథా పోనివ్వని మనిషి అని ముందే చెప్పాను కదా! అంకప్ప పిల్లి ఒక్క ఎగురు ఎగిరి పటాన్ని పట్టుకుని వేలాడింది. పాపం, ఇన్నాళ్ళూ అది చిత్రకళకు మోసపోలేదు. వానకు వాసన వేసింది కూడా సీమ చిత్రకారుడి మహిమ కాదు. మోసపోయింది పిల్లి కాదని ఇప్పుడు తెలిసింది.

"ఇన్ని దినాలు కర్పూరం చూపించింది దీనికా!" అని పొన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను వెంటనే వాదనకు దిగాను. "మృదంగానికి తోలు లేదా? గుళ్ళో వాయించడం లేదా? తోలులో తప్పేముంది?"

"తోలుకేమిరా పాపం, అదేం చేసింది?" అంది మా అమ్మ. పటం దగ్గరకు వెళ్ళి ఆ గోధుమ రంగు మీద వేలు పెట్టింది. "దీన్ని కడిగిన నీళ్ళు యాడికి పోయినాయి? అది చెప్పు ముందు."

పత్రికలకు రాసేవాణ్ణి, ఎంతటివారికైనా సమాధానం చెప్పగలవాణ్ణి, పొయ్యి ఊదడానికి వెళ్ళాను.

పులుసు ఉడికింది. చింతపండు, వెల్లుల్లి, మిరియాలు కలిసిన ఘుమఘుమలు వీధి చివరిదాకా పోతే, ఇన్నాళ్ళ పెరటాసి మరిచి వీధంతా మా అరుగు మీదికి వచ్చింది. అమరావతి కళ్ళు మూసుకుని తిన్నది. రెండురోజులు తిన్న తరువాత బిడ్డ నోరు పెట్టి, లాగి, వదలకుండా అట్లాగే నిద్రపోయాడు. పులుసు గుణమో, అత్త వచ్చి పక్కన కూర్చున్న ధైర్యమో నాకు తెలియదు. వాడి పెదవి చివర పాలచుక్క చూసి నేను కొట్టుకు పోవడం మరిచిపోయాను.

మా అమ్మ మాత్రం కుండలోంచి కొన్ని అయిరలను ఒక చెంబులో దాచి ఉంచింది. సామికి సర్ది చెబుతానని మాట ఇచ్చింది కదా. వాటిని మళ్ళీ ఏట్లో వదిలితే లెక్క సరిపోతుందని ఆమె నమ్మకం. ఇదివరకు కుంచెలు కడిగే చోటుకే వెళ్ళి, వంగి, చెంబు మెల్లగా వంచింది. నేను పక్కనే ఉన్నాను. అయిరలు నీళ్ళలోకి చురుగ్గా దూకాయి. గిర్రున తిరిగాయి. మా అమ్మ చెంబు నిటారుగా ఎత్తేలోగా తెల్లటి పొట్టలతో పైకి తేలాయి.

"సర్ది చెప్పను వస్తే ఇంకా పాపం చుట్టుకునిందే," అని మా అమ్మ ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే కూలబడింది. నాకు ఏడుపు వచ్చింది. వ్యంగ్యం రాసేవాడు ఏడవకూడదంటారు. వచ్చింది, ఏమి చేయను?

తరువాత బిడ్డను చూడడానికి చిన్నరాజు మొదలాళి గారు వచ్చారు. మంచి మనిషి, బిడ్డకు వెండి మొలతాడు తెచ్చారు.

"చేపకోసం కనియంబాడి దాకా చెప్పంపినారంట," అని నొచ్చుకున్నారు. "నాతో అనకూడదా? ఏటి గురించి మీరంతా దిగులు పెట్టుకోవాకండప్పా. మద్రాసులో ఒక చిత్రకారుడికి చెప్పినా. ఇంటింటికీ ఏటి పటం ఇప్పిస్తా. గట్టుదాకా తేట నీళ్ళు, కొంగలు, ఒక పడవ గూడా వేయమన్నా."

"మాకొకటి ఉండాది నాయనా," అంది మా అమ్మ.

నీచు వండడం అయిపోయిన తరువాత పిళ్ళయార్‌నూ మురుగన్‌నూ లక్ష్మినీ మళ్ళీ ఇటు తిప్పాం. అయిరను తిప్పనివ్వలేదు మా అమ్మ. తోలువైపే హాలులోకి చూస్తూ ఉంది.

"ఇదేందమ్మా?" అన్నారు మొదలాళి గారు.

"మా ఏరు. నువ్విచ్చిందే. చూడు, రంగు గూడా సరిపోయింది. మేమే ఇన్ని దినాలు తిప్పి తగిలించుకోను తెలీక, చేపను చూస్తా కూర్చుంటిమి."

మొదలాళి గారు పటం దగ్గరకు వెళ్ళారు. బొటనవేలితో నొక్కి చూశారు. అంచు కొంచెం వంచి చూశారు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశారు. ఆయన మొహంలో నిజమైన బాధ నేను మొదటిసారి చూశాను.

"ఎంత మంచి తోలు!" అన్నారు. "సీమకు పోవాల్సిన సరుకు ఇది. ఎవడో తెలివితక్కువోడు పటం వెనక్కి కొట్టి పాడుచేసినాడే!"

అందుచేత అయ్యలారా, అమ్మలారా, చేప పటం మహోపకారి అని నేను ఇప్పటికీ అంటాను. పటం లేకపోతే తిప్పేవాళ్ళం కాదు. తిప్పకపోతే దాని వీపు చూసేవాళ్ళం కాదు.

శుక్రవారం సాయంత్రం మొదలాళి గారు వ్యాసం వినడానికి వస్తారు. ఎక్కడ దగ్గు తెచ్చుకోవాలో మీకు ముందే చెప్పాను. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. ఈసారి మా అమ్మ కూడా వస్తానంటున్నది, అరుగు మీద నాకు ఎదురుగా, ఆ ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందట. మా అమ్మకు తెలుగులో ఒక్క అక్షరం రాదు. అయినా నేను ఎక్కడ ఆపానో ఆమెకు తెలిసిపోతుంది.